పెత్రమాస నాటి మంట

రాజకుమారి గంజు తోముతూనే ఉంది.

పెరట్లో నల్లా దగ్గర పీట వేసుకుని, కొంగు బొడ్లో దోపుకుని, చింతపండూ ఉప్పూ కలిపిన ముద్దతో ఇత్తడి గంజు లోపలంతా రుద్దింది. కడిగింది. వెలుగులోకి ఎత్తి చూసింది. ఏమీ కనిపించలేదు. ఏమీ కనిపించకపోవడమే ఆమె బాధ. మళ్ళీ మొదటి నుంచి రుద్దడం మొదలుపెట్టింది.

"అమ్మా, నేను తోముత గదా, ఇటియ్యి," అంది బుగ్గమ్మ. ఆ ఇంట్లో గిన్నెలు తోమేది ఆమె. పెత్రమాస వెళ్ళినప్పటి నుంచి ఆమెకు చీపురు తప్ప వేరే పని దొరకడం లేదు.

"వద్దే. ఇది తోముతె పోయేది కాదు."

"పోయేది కాకపోతె మరి ఎందుకు తోముతున్నవమ్మా?"

రాజకుమారి ఇంకో చింతపండు ముద్ద చేతిలోకి తీసుకుంది.

పెత్రమాస నాడు పెద్దలకు పెట్టిన అన్నం వండింది ఆ గంజులోనే. అత్తమామల పేరు చెప్పి మేడ మీద విస్తరి వేసి కాకులకు పెట్టింది. నల్లకుంట నుంచి బావగారి కుటుంబమంతా వచ్చి తిన్నది. చేతులు కడుక్కునే వేళ తోటికోడలు పద్మ వంటింట్లోకి తొంగి చూసి, మంట ఇంత శుభ్రంగా ఉందేమిటి, ఏ గ్యాసు అని అడిగింది. కోడలు శ్రీదివ్య నవ్వుతూ చెప్పింది: "కొన్న గ్యాస్ కాదు పెద్దత్తమ్మా, మన పెరట్ల తయారయ్యేదే."

పెరట్లో ఏముందో పద్మకు తెలుసు. అక్కడికక్కడే నోట్లో వేలు పెట్టుకుని కక్కుకోబోయింది. ఏమీ రాలేదు. అయినా చాలాసేపు ప్రయత్నించింది.

పెరట్లో ఉన్నది ఒక సిమెంటు ట్యాంకు. పై మూడంతస్తుల ఆడపిల్లల హాస్టల్ నుంచి మరుగుదొడ్ల నీళ్ళు, స్నానాల నీళ్ళు, మెస్సులో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే వస్తాయి. శ్రీదివ్య మూసీ ఒడ్డున మురుగునీరు శుద్ధి చేసే చోట ఇంజనీరు. ఈ ట్యాంకు గీసింది, దగ్గరుండి కట్టించింది ఆమే. అందులో పుట్టే గ్యాసు హాస్టల్ మెస్సు పొయ్యికి పోతుంది. నీళ్ళు కంకర మడిలోకి, మెట్టతామర వేళ్ళ నడుమకు దిగి, తేరుకుని, మోటరుతో మళ్ళీ మరుగుదొడ్ల తొట్లలోకి ఎక్కుతాయి. అడుగున మిగిలే మడ్డి ఎండి మేడ మీద మొక్కలకు ఎరువవుతుంది. ఇంతవరకు ఇంట్లో అందరికీ తెలుసు. ఒప్పుకున్నారు కూడా.

మెస్సుకు పోగా మిగిలిన గ్యాసు కోసం ఇంటి వంటగదిలోకి ఒక పైపు వచ్చిందని మాత్రం రాజకుమారికి తెలియదు. రోడ్డు మీద వేసిన పైపు గ్యాసే తమకూ వచ్చిందనుకుంది. ఆమెకు అలాగే చెప్పారు.

"కాకులైతె మంచిగనే తిన్నయమ్మా," అంది బుగ్గమ్మ చీపురు దులుపుతూ. "ఒక్క మెతుకు ఇడ్వలే."

"కాకికేం తెలుస్తదే!"

అన్న తర్వాత ఆ మాట ఆమె చెవికే వినిపించింది. పెద్దలే కాకులై వస్తారని చెప్పి ముద్ద పెట్టింది తనే. బుగ్గమ్మ తల వంచుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని రాజకుమారికి తెలుసు.

శ్రీదివ్య లోపలి నుంచి గ్లాసు పట్టుకుని వచ్చింది. "అత్తమ్మా, నిన్న కూడ ఏం తినలే మీరు. కరెంటు పొయ్యి మీద పాలు కాగబెట్టిన."

"నువ్వు ముట్టిన పాలా?"

"పెండ్లైనప్పటి నుంచి నేనే గదా కాగబెడుతున్న."

"అప్పుడు తెల్వదు."

"తెల్వనప్పుడు ఏం కాలే గదా."

"ఎదురు మాట్లాడకు. నీకు సదువు జెప్పినోళ్ళు సిగ్గు జెప్పలే." రాజకుమారి గంజు గచ్చుకేసి కొట్టింది. "పీతి మంట మీద పెద్దల కూడు వండిపిచ్చినవ్. ఏ జన్మల కడుక్కోవాలె దీన్ని?"

శ్రీదివ్య గ్లాసు గట్టు మీద పెట్టి, అత్తకు ఎదురుగా కూర్చుంది.

"మీ అమ్మగారింట్ల పిడకల మీద వండెటోళ్ళమని మీరే చెప్పిన్రు. దేవుని నైవేద్యం గూడ."

"ఆవు పేడ, మనిషిది ఒకటేనా?"

"మంటకు ఒకటే అత్తమ్మా."

బుగ్గమ్మ చీపురు ఆగింది. రాజకుమారి కోడలి ముఖంలోకి, ఏదో జంతువును చూసినట్టు చూసింది.

"నువ్వు ఏమన్న వండుకో, ఏమన్న తిను. నన్ను మోసం జేసినవ్ చూడు, అది మర్చిపోను. పైప్ గ్యాస్ అని నా కొడుకుతోని చెప్పిచ్చినవ్."

శ్రీదివ్య తల తిప్పి తమ గది వైపు చూసింది. ఆ కిటికీలోంచి భర్త ఉదయ్ కుమార్ గొంతు వినిపిస్తోంది. ఆఫీసు మీటింగు. "ఉన్న, ఉన్న, వినబడుతుంది, చెప్పండి," అంటున్నాడు. ఇంట్లో ఎవరు పిలిచినా వినిపించని మనిషి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుంటే మాత్రం ఉన్నానంటాడు.

* * *

వరండాలో రాజకుమారి భర్త కిషన్ రావు ముందు నవత నిలబడి ఉంది. నాగర్‌కర్నూల్ పిల్ల. గ్రూప్స్‌కు చదువుకుంటూ హాస్టల్ రెండో అంతస్తులో ఉంటోంది.

"అంకుల్, పైన మళ్ళ నీళ్ళు లేవ్."

"ట్యాంకర్‌కు ఫోన్ చేసిన. వస్తది."

"ఆ నీళ్ళు స్నానాలకే అయిపోతున్నయ్. లెట్రిన్ల పొయ్యనీకి లేవ్. దివ్యక్క మోటర్ నడిచినన్ని రోజులు గిట్ల లేకుండె."

"ఆ మోటర్ బంద్. ఖతం." కిషన్ రావు పేపరు మడిచాడు. తహసీల్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే ముందు పేపరు మడవడం అలవాటు. "ఇయ్యాల ఆ ట్యాంకే కూలగొట్టిపిస్తున్న. పైపులన్ని డ్రైనేజీల కలుపుతం. ఇంక పరేషాన్ ఉండది."

"డ్రైనేజీనా?" నవత నవ్వింది. "అది పొంగి బుక్ షాపుల ముంగట నిలిచింది అంకుల్. నిన్న ఒక్క పుస్తకం కొననీకి చెప్పులు చేతుల పట్టుకొని పోయిన."

"అది సర్కారు చూసుకుంటది. మన గోడ అవతల ఏమైతే మనకెందుకు?"

"మరి మెస్సుల గూడ అదే గ్యాస్ గదా. మేమందరం దాని మీద వండిందే తింటున్నం. మాకేం కాలే."

"మెస్సు సంగతి వేరే."

"ఎట్ల వేరే?"

కిషన్ రావు పేపరు విప్పి, మళ్ళీ మడిచాడు. నిజానికి అతను మొదట అన్నతో అన్నది ఇదే: ఇంటి పైపు కోసేస్తా, హాస్టల్ మట్టుకు ఉండనీ అని. పరాయి పిల్లల కడుపులోకి పోతే అది గ్యాసు. తమ కడుపులోకి వస్తే అంటు. అన్న ఒప్పుకోలేదు. మొత్తం పూడ్చాలన్నాడు. తమ్ముడికి ధర్మం మీద ఉన్నదానికంటే అన్న మాట మీద భయం ఎక్కువ.

"మీకేం పెద్దలకు పెట్టుడు ఉన్నదా, కార్యం ఉన్నదా? తిని సదువుకోండ్రి. పెద్దోళ్ళ ముచ్చట్లు మీకెందుకు?"

"మా ఇంట్ల గూడ పెద్దలు ఉంటరు అంకుల్," అంది నవత. బకెట్ తీసుకుని, మెట్లు గట్టిగా చప్పుడయ్యేలా ఎక్కిపోయింది.

పెరట్లోంచి వస్తున్న శ్రీదివ్య ఆ చివరి మాటలు విన్నది.

"మామయ్యా, ఈ ట్యాంకు కట్టిచ్చినందుకు కాలనీ సంఘం వాళ్ళు మీకు శాలువ కప్పిన రోజు అందరికి చాయ్ ఆ మెస్సు పొయ్యి మీదనే పెట్టినం. మీరు రెండుసార్లు తాగిన్రు."

"ఆ శాలువ నీకే ఇచ్చేస్త, కప్పుకో. దాంతోని నా ఇజ్జత్ గూడ కప్పు."

"మీ ఇజ్జత్‌కు ఏమైంది?"

"ఏమైందా?" అతను లేచి నిలబడ్డాడు. "మా అన్న నా ఇంట్ల తిని పోయి తల స్నానం జేసిండు. మా వంశంల ఎవ్వడన్న తమ్ముని ఇంట్ల తిని తల స్నానం జేసిండా? కోడలు ఇంజనీర్ అని తెచ్చుకున్న. అందరి కోడండ్లు బిల్డింగులు కడుతున్నరు, రోడ్లు వేస్తున్నరు. నా కోడలు పెంట పిసుకుతది."

శ్రీదివ్యకు ఈ మాట కొత్త కాదు. ఇంత గట్టిగా అనడం కొత్త. పై అంతస్తు రెయిలింగ్ మీద నలుగురైదుగురు పిల్లల తలలు కనిపించాయి. ఆమె తల ఎత్తి వాళ్ళను చూసింది. తలలు మాయమయ్యాయి.

* * *

ఉదయ్ మీటింగు అయిపోయింది. అయినా హెడ్‌సెట్ మెడలో వేలాడుతూనే ఉంది, అవసరమైతే వెంటనే చెవులకు ఎక్కించుకునేంత దగ్గరగా.

శ్రీదివ్య తలుపు దగ్గరగా వేసింది.

"అత్తమ్మకు చెప్పిన, ఒప్పుకున్నది అని నాతోని అన్నవ్."

"చెప్దామనే అనుకున్న."

"అనుకునుడు, చెప్పుడు ఒకటేనా?"

"అమ్మ ఒప్పుకోదు దివ్యా. నీకు తెల్సు గదా. సిలిండర్ అయిపోయినప్పుడల్ల నా పానం తీస్తది. గ్యాస్ ఊకెనే గాలిల పోతున్నది. పైపు ఇటు తిప్పితే అయిపోతది అని తిప్పిచ్చిన. పైప్ గ్యాస్ అన్న. ఎవరికన్న నష్టమైందా?"

"కాలే. ఇప్పుడు అయితుంది. ట్యాంకు కొట్టేస్తున్నరు. నేనే మోసం చేసిన్నంటున్నరు. బయటికి వచ్చి ఒక్క మాట చెప్పు. అబద్ధం నీది అని."

ఉదయ్ మంచం అంచున కూర్చున్నాడు. మంచివాడని అతనికి పేరు. ఎవరితోనూ గొడవ పడడు. గొడవ పడవలసిన చోటల్లా ఇంకొకరిని నిలబెట్టి తను పక్కకు జరుగుతాడు కాబట్టి ఆ పేరు చెడలేదు.

"ఒక మాట చెప్త, కోపానికి రాకు," అన్నాడు. "నువ్వే ఒప్పుకో."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"తప్పైంది అను. అయిపోతది. నిన్ను అంటే నాల్గు దినాలు అంటరు, మర్చిపోతరు. నీకు ఆ పని అలవాటే అనుకుంటరు. అదే కన్నకొడుకు పెద్దల కూటి కాడ అబద్ధమాడిండు అంటే పెద్దనాన్నోళ్ళు బతికినన్ని రోజులు అంటరు."

"మరి ట్యాంకు?"

"పోతే పోయింది. ఇంకోటి ఎక్కడన్న కట్టుకుందువు. నీ ఆఫీసుల పెద్దయి ఉన్నయ్ గదా."

"ఇంకేం ఒప్పుకోవాలె?"

ఎగతాళి అతనికి తెలియలేదు. అడిగింది కదా అని ఆలోచించాడు. "కొలువు గూడ కొన్ని రోజులు మానినట్టు చేస్తే... అమ్మకు జర నెమ్మదైతది."

 అతను చెప్పిన లెక్క తప్పు కాదు. కోడల్ని అన్నది నాలుగు రోజులే గుర్తుంటుంది, కొడుకును అన్నది ఎల్లకాలం గుర్తుంటుంది. ఆ లెక్క అంత తేలికగా, అంత సరిగ్గా వేయగలిగాడు. అందుకే శ్రీదివ్యకు అసహ్యమేసింది. రోజూ నగరమంతా వదిలేసిన నీళ్ళ పక్కన నిలబడి పనిచేస్తుంది. అక్కడ ఎప్పుడూ ముక్కు మూసుకోవాలనిపించలేదు.

"సరే," అంది.

"సరే అంటే ఒప్పుకుంటవా?"

ఆమె తలుపు తీసి బయటికి నడిచింది.

* * *

పద్మ ఆటో దిగింది. వరండా మెట్టు మీద ఆగిపోయింది.

"రా అక్కా, లోపలికి," అంది రాజకుమారి, తడి చేతులతోనే పెరట్లోంచి పరుగున వచ్చి.

"వద్దు. ఇక్కడనే మంచిగుంది."

"మంచినీళ్ళన్న..."

పద్మ సంచిలోంచి సీసా తీసి చూపించింది. "తెచ్చుకున్న." కుర్చీని చేతిరుమాలుతో రెండుసార్లు తుడిచి, అంచు మీద కూర్చుంది. "కాలు కింద పెట్టాలన్నా మనసు ఒప్పుతలేదు రాజీ. ఏమనుకోకు. నీ తప్పు కాదు."

నీ తప్పు కాదు అన్న మాటతో రాజకుమారి తల ఇంకా కిందికి దిగింది. అందుకోసమే అన్నది పద్మ.

"మీ బావ ఒక్కటే మాట చెప్పి పంపిండు. ఆ గుంత ఇయ్యాల పూడ్చాలె. ఈ పిల్ల నేనే దాచిన అని అందరి ముంగట ఒప్పుకోవాలె. ఆ కొలువు ఇడ్సిపెట్టాలె. లేదంటే దసరా నాడు జమ్మి పట్టుకొని మా గడపకు రావద్దన్నడు. అన్నదమ్ములు అన్నది ఇంక లేదు అన్నడు."

కిషన్ రావు గొంతు సవరించుకున్నాడు. "మనిషిని పిలిచిన వదినా. గడ్డపార తెచ్చుకుంటున్నడు."

"నేను గూడ చూసే పోత."

శ్రీదివ్య గుమ్మంలో నిలబడి ఉంది. "పెద్దత్తమ్మా, మీ ఇంటి లెట్రిన్ నీళ్ళు యాడికి పోతయ్?"

"ఛీ. తినేటోళ్ళను అడిగే మాటేనా?"

"నాలల కలుస్తయ్. నాల మూసీల కలుస్తది. మూసీ నీళ్ళు కింది ఊర్ల పొలాలకు పారుతయ్. ఆ ఊర్లకెళ్ళి ఆకుకూర మీ నల్లకుంట మార్కెట్‌కు వస్తది. మీరు బేరం చేసి కొంటరు. మీది యాడికి పోయి యాడికి వస్తదో మీకు తెల్వదు. మాది మాకు తెల్సు. గంతే తేడా."

పద్మ సీసా మూత బిగించింది. "చూసినవా రాజీ? తప్పైంది అంటదనుకున్న. పాఠం చెప్తుంది."

"నోరు మూస్కో!" అంది రాజకుమారి కోడలితో. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "నువ్వు ఎంత మాట్లాడితే నేను అంత కిందికి దిగుతున్న."

పీరయ్య వచ్చాడు. బుగ్గమ్మ మొగుడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి రాంనగర్ బస్తీలో ఉంటాడు, దొరికిన కూలి పని చేస్తాడు. భుజం మీద గడ్డపార, చేతిలో సమ్మెట.

"యాడ మొదలువెట్టాలె సారూ? కట్టింది గూడ నేనే. నా చెయ్యి నాకెర్కే, అల్కగ పల్గది."

"పొద్దుగూకినా సరే, పలగాలె," అన్నాడు కిషన్ రావు.

బుగ్గమ్మ మొగుడికి నీళ్ళిచ్చింది. అతని గ్లాసు పెరటి గోడ మీద విడిగా ఉంటుంది. ట్యాంకు కట్టిన రోజుల్లో రాజకుమారే అక్కడ పెట్టించింది. బుగ్గమ్మ ఆ గ్లాసును కడుగుతూ, ఎవరితో కాకుండా గాలితో అంటున్నట్టు అంది:

"ఏం కాలమో ఏమో. ఇన్ని దినాలు ఒక్క గ్లాసే పక్కకుండె. ఇప్పుడు ఇల్లు మొత్తం పక్కకైంది."

"ఏమన్నవే?" అంది పద్మ.

"గ్లాసు కడుగుతున్న పెద్దమ్మా."

పీరయ్య పెరట్లోకి నడిచాడు. వెనకే అందరూ నడిచారు. పద్మ చీర కుచ్చిళ్ళు చీలమండల పైకి ఎత్తి పట్టుకుంది. మెట్టతామర పూలు ఎర్రగా ఉన్నాయి. కంకర మడిలో నీళ్ళు కదలడం లేదు. మోటరు ఆపడంతో మొదటిసారి అక్కడ కొద్దిగా వాసన పుట్టింది. పద్మకు అది చాలు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రాజకుమారి వైపు చూసింది.

పీరయ్య గడ్డపార ఎత్తాడు.

"ఆగు అన్నా!" శ్రీదివ్య ముందుకు వచ్చింది. "లోపల గ్యాస్ నిండి ఉన్నది. అదంత బయటికి ఇడ్సినంక చాలాసేపు ఆగాలె. అంతవరకు దెబ్బ పడొద్దు. నీ జేబుల బీడీలు, అగ్గిపెట్టె బుగ్గక్కకు ఇయ్యి."

"నాటకాలు," అన్నాడు కిషన్ రావు. "ఇయ్యాల్టికి ఆపనీకి నాటకం. కొట్టు పీరయ్యా."

"నాటకమైతే ఆయనతోని ఎందుకు మామయ్యా? గడ్డపార మీరే పట్టుండ్రి. అగ్గిపెట్టె గూడ జేబుల పెట్టుకోండ్రి."

కిషన్ రావు కదలలేదు. పీరయ్య గడ్డపార నేలకు ఆనించాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి భార్య చేతిలో పెట్టాడు. చాలా మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ముందుగాల ఆమెతోని ఒప్పుకునుడు కానీయ్ కిషన్," అంది పద్మ. "ఆ తరువాత గ్యాస్ ఇడుస్తరో, ఏం ఇడుస్తరో. చెప్పు పిల్లా. మీ అత్తకు అబద్ధం జెప్పింది నువ్వేనా కాదా?"

శ్రీదివ్య పద్మను చూడలేదు. వంటింటి తలుపు నీడలో ఫోను చేత్తో పట్టుకుని నిలబడ్డ భర్తను చూసింది.

"నేను ఒక్క అబద్ధం చెప్పలే. ఎవరు చెప్పిన్రో ఆయననే అడగుండ్రి."

ఉదయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

రాజకుమారి అప్పుడే గంజు దగ్గరకు వెళ్ళి కూర్చోబోతోంది. ఆగింది. ఇన్ని రోజుల్లో కోడలిని వంద మాటలు అన్నది. కొడుకును ఒక్క మాట అడగలేదు. అడిగితే వచ్చే జవాబు ఏదైనా తనకు పనికొచ్చేది కాదని లోపలెక్కడో తెలుసు. ఇప్పుడు పద్మ చూస్తోంది. అడగక తప్పలేదు.

"ఉదయ్, నాకు పైప్ గ్యాస్ అని నువ్వే చెప్పినవ్. నీకు ఎవరు చెప్పమన్నరు?"

పై రెయిలింగ్ మీద మళ్ళీ తలలు కనిపించాయి. నవత కూడా ఉంది.

ఉదయ్ పెద్దమ్మను చూశాడు, తండ్రిని చూశాడు. భార్యను చూడలేదు.

"దివ్యనే," అన్నాడు.

పద్మ తల ఊపింది. అది చూసి అతను ఇంకొంచెం ధైర్యం చేశాడు.

"పైపు పెట్టిన రోజు పొద్దున నన్ను రూంల నిలబెట్టింది. అమ్మకు నిజం చెప్పకు, పైప్ గ్యాస్ అని చెప్పు అన్నది. నేను వద్దనే అన్న. వినలే."

"ఏ పొద్దున?" అంది రాజకుమారి.

"అదే అమ్మా, పైపు పెట్టిన పొద్దుననే. నేను వచ్చి నీకు పొయ్యి ముట్టించి చూపియ్యలేదా? దానికంటే ముందే. అక్కడ్నే, మా రూంల."

రాజకుమారికి ఆ పొద్దున గుర్తుంది. కొడుకు ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చి, తనే పొయ్యి ముట్టించి, "చూసినవా అమ్మా" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు ఫోనులో కోడలికి చెబుదామనుకుంది కూడా. ఫోనులోనే చెప్పాలి, ఎందుకంటే కోడలు ఇంట్లో లేదు. అంతకు ముందు రోజే తన తమ్ముడి నిశ్చితార్థానికి సిద్దిపేట వెళ్ళింది. సకినాల డబ్బా సర్ది, బస్సెక్కించడానికి ముందు నుదుట బొట్టు పెట్టి పంపింది తనే.

ఉదయ్ అది మరిచిపోయాడు. కిషన్ రావుకు ఏ రోజూ గుర్తుండదు. పద్మకు తెలియదు. పెరట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే ఆడవాళ్ళు. పెత్రమాస తర్వాత మొదటిసారి అత్తా కోడలూ ఒకరినొకరు సూటిగా చూసుకున్నారు.

శ్రీదివ్య నోరు తెరవలేదు. ఒక్క మాట చాలు, ఆ రోజు నేను ఊర్లనే లేను అని. వాదించాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ఎదురుగా ఉన్నవాణ్ణి ఆమె ఇక ఆ లెక్కలో పెట్టదలచుకోలేదు. చేతులు కట్టుకుని, అత్త ఏం చేస్తుందోనని చూస్తూ నిలబడింది.

"విన్నవా రాజీ?" అంది పద్మ, ముక్కు మీది కొంగు తీసి. "కన్నకొడుకే చెప్పిండు. ఇంకేం గావాలె?"

"గ్యాస్ ఇడ్సి కొట్టు పీరయ్యా," అన్నాడు కిషన్ రావు. "ఈ గొడవ ఇయ్యాల్టితో ఖతం కావాలె."

పీరయ్య గడ్డపార మీద చెయ్యి వేశాడు. సారును చూశాడు, కోడలమ్మను చూశాడు. ఎవరి మాట నిలుస్తుందో తేల్చుకోలేక ఇంటి ఇల్లాలి వైపు తిరిగాడు.

"అమ్మా, కొట్టాల్నా, వద్దా?"

అందరూ రాజకుమారి వైపు చూశారు. ఉదయ్ కూడా చూశాడు. అతని ముఖంలో భయం లేదు. అమ్మ తన పక్కనే ఉంటుందన్న నమ్మకం ఉంది. పొయ్యి ముట్టించినప్పటి నవ్వులోని నమ్మకమే.

రాజకుమారి నల్లా తిప్పింది. చేతులకు అంటిన చింతపండు పిప్పి పోయేదాకా కడుక్కుంది. గట్టు మీద పాల గ్లాసు మీగడ కట్టి ఉంది. దాన్ని చూసింది. తాగలేదు, పారబోయలేదు.

"అమ్మా, చెప్పు," అన్నాడు ఉదయ్.

ఆమె కొడుకు పక్క నుంచి నడిచింది. అతను చెయ్యి చాచాడు. ఆ చెయ్యి తగలకుండా చీర దగ్గరకు లాక్కుంది, ఇందాక పద్మ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నట్టే.

"ఎటు పోతున్నవే? జవాబు చెప్పవేంది?" అంది పద్మ.

"ఏయ్, నిన్నే. చెప్పి పో," అన్నాడు కిషన్ రావు.

రాజకుమారి వంటింట్లోంచి, వరండాలోంచి, చెప్పుల దగ్గరకు వచ్చింది. ఎడమ చెప్పు వేసుకుంది. కుడి చెప్పు వేసుకోవడానికి గోడ పట్టుకుంది. పర్సు తీసుకోలేదు, ఫోను తీసుకోలేదు. తడి చేతులు కొంగుకైనా తుడుచుకోకుండా, పుస్తకాల సంచులతో పోతున్న కోచింగ్ పిల్లల నడుమ, బావగారుండే నల్లకుంట వైపు కాకుండా, చిక్కడపల్లి వైపు నడిచి వెళ్ళిపోయింది.